స్టువర్టుపురం పక్క ఊరి నుంచి రెండు రాష్ట్రాల హోం శాఖలకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోం శాఖలు చూస్తున్న పెద్దలకి, డీజీపీలకి, జైళ్ళ శాఖ అధికారులకి నమస్కారం.

నాది బాపట్ల జిల్లా. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చెప్తాను. నేరాలు తగ్గించడానికి మీరు చేస్తున్న పనుల్లో ఏది నిజంగా పనిచేస్తోందో, ఏది పనిచెయ్యట్లేదో పద్ధతిగా లెక్కగట్టి చూడండి, ఆ లెక్క జనం ముందు పెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నా. పోలీసుల మీద కోపంతో రాసేది కాదు ఇది. నా స్టూడెంట్స్‌లో ప్రతి ఏడాదీ కొంతమంది ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకి ప్రిపేర్ అవుతుంటారు, సెలెక్ట్ అయినవాళ్ళు పండక్కి కూడా ఇంటికి రాలేని డ్యూటీలు చేస్తున్నారు, బందోబస్తులు, నైట్ బీట్లు, మధ్యలో కోర్టు పనులు, ఇంత కష్టం దేనికి ఉపయోగపడుతోందో కూడా తెలియకుండా పడుతున్నారే అన్నదే నా బాధ.

ముందు మా పక్క ఊరి సంగతి చెప్పాలి. బాపట్ల నుంచి చీరాల వెళ్తుంటే మధ్యలో వచ్చే చిన్న రైల్వే స్టేషన్ స్టువర్టుపురం. ఆ పేరు చెప్పగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది దొంగలు, సినిమాలు కూడా ఆ ముద్రనే ఇంకా గట్టిగా కొట్టాయి. ఆ ఊరు నుంచి వచ్చిన పిల్లలు బయట హాస్టల్లో చేరేటప్పుడో ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడో అడ్రస్ దగ్గర పెన్ను ఆపేస్తారు, ఇది నేను క్లాసులో చూస్తున్న విషయం. కానీ ఆ ఊరు తనంతట తాను పుట్టలేదు, ప్రభుత్వం పుట్టించింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం అని ఒకటి తెచ్చారు, ఫలానా కులంలో పుడితే చాలు వాడు నేరస్థుడే అని రాసుకోడానికి వీలిచ్చే చట్టం అది. 1911లో దాన్ని మళ్ళీ రాసినప్పుడు మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఇచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు, ఎరుకల కుటుంబాల్ని తెచ్చి దించారు, మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఇలాంటివే సీతానగరంలో, కావలిలో, కప్పరాళ్ళతిప్పలో, కర్నూలు వైపు సిద్ధాపురంలో. లిస్టులో పేరున్నవాళ్ళు హాజరు వేయించుకోవాలి, బయటికెళ్ళాలంటే చీటీ కావాలి, చీటీ లేకుండా బయట కనపడితే అదే నేరం. ఏ తప్పూ చెయ్యని మనిషి కూడా పక్క ఊరు సంతకి వెళ్తే నేరస్థుడు అయిపోయేవాడు.

ఆ చట్టం రాసినవాళ్ళు ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది, వీళ్ళలో కొంతమంది దొంగతనాల్లోకి ఎందుకు వచ్చారు అని. చరిత్రకారులు తర్వాత పాత రికార్డులు తిరగేసి ఆ పని చేశారు. ఎరుకల వాళ్ళు అంతకు ముందు తిరుగుడు వ్యాపారస్తులు, కోస్తాలో ఉప్పు కొని గాడిదల మీద ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు, అక్కడ ధాన్యానికి మార్చుకుని తిరిగొచ్చేవాళ్ళు, దారిలో బుట్టలు చాపలు అల్లి అమ్ముకునేవాళ్ళు. కంపెనీ ప్రభుత్వం ఉప్పుని తన గుత్తాధిపత్యంలో పెట్టుకుంది, తర్వాత రైలు వచ్చి ఆ సరుకు రవాణా మొత్తం లాక్కుంది, 1876–78 కరువు పశువుల్ని మింగేసింది, 1882 అటవీ చట్టంతో వెదురుకి ఈతాకుకి అడవిలోకి పోవడం కూడా కష్టమైంది. నాలుగు వైపులా బతుకు మూసుకుపోయిన తర్వాత అందులో కొంతమంది దొంగతనానికి దిగారు. అందరూ దిగలేదు, ఎవరూ దిగలేదని కూడా నేను అనట్లేదు. కానీ కారణం వెతికితే ఉప్పు పన్ను, రైలు, కరువు, అడవి కనపడతాయి, అవి వదిలేసి రక్తంలోనే ఉంది అని రాసుకున్నారు. కారణం తప్పుగా రాసుకుంటే మందు కూడా తప్పే అవుతుంది కదండీ, ఆ తప్పు మందుని దేశం 1952 ఆగస్టు 31 దాకా మింగింది. మన మద్రాసు రాష్ట్రం కాస్త ముందే 1947లో రద్దు చేసింది గానీ మరుసటి ఏడాదే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం అని ఇంకోటి తెచ్చుకుంది.

ఇదే ఊళ్ళో ఇంకో రకం ప్రయత్నం కూడా జరిగింది, ఇది చాలామందికి తెలీదు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి గోరా గారి అబ్బాయి లవణం గారు, ఆయన భార్య హేమలతా లవణం గారు, ఆవిడ మహాకవి గుర్రం జాషువా గారి కూతురు, ఇద్దరూ స్టువర్టుపురం వచ్చి ఇళ్ళల్లో కూర్చుని మాట్లాడి, దొంగతనాలు మానేస్తామన్నవాళ్ళకి వేరే బతుకుతెరువు చూపించడానికి, పిల్లల్ని చదువుల్లో పెట్టడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారి ప్రభుత్వం దానికి సహకరించింది. ఇది చిన్న విషయం కాదు, ప్రభుత్వం ఒక ఊరిని అనుమానించడం కాకుండా ఆ ఊరితో కలిసి కూర్చున్న సందర్భం. నేను లెక్కల మాస్టారుని కాబట్టి నా బుర్రలో వెంటనే వచ్చే ప్రశ్న ఏంటంటే, ఆ పని వల్ల ఎంతమంది మళ్ళీ కేసుల్లోకి రాలేదు? భూమి దక్కిన ఇంటికి, దక్కని ఇంటికి తేడా ఏంటి? మానేసి మళ్ళీ వెనక్కి వెళ్ళినవాళ్ళు ఏ పరిస్థితుల్లో వెళ్ళారు, అప్పులా, ఉద్యోగం రాకపోవడమా, లేకపోతే ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ళ తలుపే కొట్టడమా? ఇవన్నీ తెలిస్తే ప్రపంచంలో ఏ యూనివర్సిటీ అయినా కళ్ళకద్దుకునే పరిశోధన అయ్యేది, అందులో సగం సమాచారం మీ స్టేషన్ రికార్డుల్లోనే దొరకాలి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. చట్టం పోయింది గానీ లిస్టు అలవాటు పోలేదు. రౌడీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు ఉన్నాయి, అంటే పోలీసులు కన్నేసి ఉంచాలనుకున్న మనుషుల పేర్లతో స్టేషన్లో తెరిచే ఫైళ్ళు, ఆదివారం వస్తే షీట్ ఉన్నవాళ్ళని స్టేషన్‌కి పిలిచి కౌన్సెలింగ్ ఇస్తున్నారు, పేపర్లో ఫోటో వస్తుంది, వరసగా నిలబడ్డ మనుషులు, ముందు సీఐ గారు. ఈ కౌన్సెలింగ్ వల్ల నేరాలు తగ్గాయా? తగ్గాయనే మీరు చెప్తారు, నిజమే అయ్యుండొచ్చు కూడా, కానీ ఎలా తెలిసింది? కూలి పనికి వెళ్ళే మనిషిని వారం వారం అందరూ చూస్తుండగా స్టేషన్‌కి పిలిస్తే ఆ పని ఇచ్చే మేస్త్రీ ఇంకోసారి పిలుస్తాడా? పిలవకపోతే అతను ఎటు పోతాడు? ఈ రెండో వైపు కూడా లెక్కలోకి రావాలి. 2024 మేలో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్ల గురించి, అవీ ఇలాంటి ఫైళ్ళే, మాట్లాడుతూ, వెనకబడిన వర్గాల్లో పుట్టినంత మాత్రాన అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకుండా రాష్ట్రాలు చూసుకోవాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 3న జైళ్ళలో కుల వివక్ష కేసులో తీర్పు ఇస్తూ, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాల జైలు నిబంధనల్ని పరిశీలించి, విముక్త జాతుల్ని, అంటే ఆ పాత నేరస్థ జాతుల లిస్టు నుంచి బయటపడ్డవాళ్ళని, పుట్టుకతోనే నేరస్థులుగా చూసే ఆ పాత ఆలోచన ఇంకా నిబంధనల్లో ఉండటం రాజ్యాంగానికి విరుద్ధం అంది. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా కోర్టు ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

బస్తీల్లో తెల్లవారుజామున చేసే కార్డన్ సెర్చ్ కూడా అంతే. ఒక కాలనీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తట్టి, కాగితాలు లేని బైకులు పట్టుకుని ఇన్ని వాహనాలు సీజ్ చేశాం అని ప్రకటిస్తారు. బైకుల లెక్క బాగానే ఉంది, తర్వాత మూడు నెలల్లో ఆ కాలనీలో దొంగతనాలు, కొట్లాటలు సెర్చ్ జరగని పక్క కాలనీతో పోలిస్తే తగ్గాయా అన్న లెక్క ఏది? నేను అడిగేది ఇదొక్కటే, ప్రతి దానికీ ఇదే అడుగుతాను.

ఇది సాధ్యం కాదు, పోలీసు పని ల్యాబ్‌లో చేసేది కాదు అంటారేమో. మన దేశంలోనే చేసి చూపించారు. రాజస్థాన్ పోలీసులు 2005 నుంచి 2008 మధ్య 11 జిల్లాల్లో 162 స్టేషన్లలో ఒక ప్రయోగం చేశారు, తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఆ టీంలో ఉన్నారు, ఆ రాష్ట్ర ఐపీఎస్ ఆఫీసరే అందులో పరిశోధకురాలు కూడా. ఏ స్టేషన్లో ఏ మార్పు తేవాలో లాటరీ తీసినట్టు ఎంచుకున్నారు, కొన్నిచోట్ల సిబ్బందికి ట్రైనింగ్, కొన్నిచోట్ల మాటిమాటికీ ట్రాన్స్‌ఫర్లు చెయ్యకుండా ఆపడం, కొన్నిచోట్ల వారానికి ఒక సెలవు, కొన్నిచోట్ల ఊరి మనుషులు స్టేషన్లో కూర్చుని చూడటం. చివరికి ఏం తేలిందంటే ట్రైనింగ్, ట్రాన్స్‌ఫర్లు ఆపడం ఈ రెండూ ఫలితం ఇచ్చాయి, మిగతావి కాగితం మీద బాగున్నా స్టేషన్లో సరిగ్గా అమలే కాలేదు. ఇంకో పని చేశారు, మామూలు జనంలా మనుషుల్ని స్టేషన్లకి పంపి ఉత్తుత్తి ఫిర్యాదు ఇప్పించి, తీసుకుంటారా తిప్పి పంపేస్తారా అని చూశారు. ఎఫ్ఐఆర్ రాయకపోవడం అనే జబ్బుని కొలవడానికి ఇంతకంటే తేలిక పద్ధతి నాకు తెలీదు.

అదే రాజస్థాన్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ మీద చేసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, హైదరాబాద్ విజయవాడ ట్రాఫిక్ పోలీసులు తప్పకుండా చదవాలి. కొన్ని స్టేషన్ల పరిధిలో చెక్ పోస్ట్ ఎప్పుడూ ఒకే చోట పెట్టారు, అన్నిటికంటే మంచి స్పాట్ అనుకున్న చోటే. కొన్నిచోట్ల మూడు జాగాల మధ్య మారుస్తూ పోయారు. మార్చిన చోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి పూట మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకే చోట పెట్టినవాటి వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఎందుకంటే తాగినవాడికి కూడా ఆ సెంటర్ తప్పించుకుని పక్క సందులోంచి పోవడం నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. అదే సిబ్బంది, అవే బ్రీత్ అనలైజర్లు, నిలబడే చోటు మారిస్తే చాలు మనుషులు బతికారు. కొలవకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కుల్ని ఇలాగే పరీక్షించారు, 2022లో ఆ ఫలితాలు సైన్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చాయి. డెస్కులు పెట్టిన చోట ఆడవాళ్ళ మీద నేరాల కేసుల నమోదు పెరిగింది, అందులోనూ డెస్క్ మహిళా ఆఫీసర్ల చేతిలో ఉన్నప్పుడు ఎక్కువ పెరిగింది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఏంటంటే కేసులు పెరగడమే ఇక్కడ మంచి వార్త. ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టుకునే మన షీ టీమ్స్ 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలయ్యాయి, మంచి పని, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, నా స్టూడెంట్స్‌లో ఆడపిల్లలు హైదరాబాద్ వెళ్ళేటప్పుడు ఆ నంబర్ ఫోన్లో పెట్టుకోమని చెప్పేది కూడా నేనే. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎంతమందిని పట్టుకున్నాం, ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చాం అనే లెక్కే వస్తోంది. బస్టాప్‌లో నిలబడే అమ్మాయికి వేధింపు తగ్గిందా అనే లెక్క ఆ అమ్మాయిని అడిగితే తప్ప రాదు.

కేసుల సంఖ్య దగ్గరే మన రాజకీయమంతా ఆగిపోతుంది, దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమనుకోకండి. దేశంలో నేరాల లెక్కలు వేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ రిపోర్ట్ వచ్చినరోజు అధికార పక్షం తగ్గాయంటుంది, ప్రతిపక్షం పెరిగాయంటుంది. 2022లో సైబర్ నేరాల్లో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, 15,297 కేసులు. అంటే తెలంగాణలో మోసగాళ్ళు ఎక్కువా, లేక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అక్కడ నిజంగా కేసు కడుతున్నారా? రెండూ కొంత కొంత నిజం కావచ్చు, ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. ఎన్‌సీఆర్‌బీ పద్ధతి ప్రకారం ఒక ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అందులో పెద్దదాన్నే లెక్కలో వేస్తారు. హత్య కేసులో దోపిడీ కూడా ఉంటే దోపిడీ పట్టికలో అది కనపడదు. ఇక ఫోన్ పోయిందని, పర్సు కొట్టేశారని స్టేషన్‌కే వెళ్ళనివాళ్ళు, వెళ్ళినా మిస్సింగ్ అని రాయించుకుని పంపేసినవాళ్ళు ఏ పట్టికలోనూ ఉండరు. బ్రిటన్, అమెరికా లాంటి దేశాల్లో దీనికోసం ఇళ్ళకి వెళ్ళి సర్వే చేస్తారు, పోయిన ఏడాది మీ ఇంట్లో ఎవరికైనా దొంగతనం, దాడి, మోసం జరిగిందా, జరిగితే పోలీసులకి చెప్పారా, చెప్పకపోతే ఎందుకు అని అడుగుతారు. మన రెండు రాష్ట్రాల్లో గణాంక శాఖలున్నాయి, ఇంటింటి సర్వేలు మనకి కొత్త కాదు, ఈ నాలుగు ప్రశ్నలు చేర్చడానికి పెద్ద ఖర్చు అవదు. ఇది ఉంటే కేసులు ఎక్కువ కట్టిన మంచి ఎస్సైకి మెమో ఇచ్చే పరిస్థితి కూడా రాదు.

మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా చెడు చెయ్యగలదు అని చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1970ల్లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో రాహ్వే జైలుకి దారితప్పుతున్న పిల్లల్ని తీసుకెళ్ళి జీవిత ఖైదీల చేత గట్టిగా భయపెట్టించే కార్యక్రమం మొదలుపెట్టారు. అందరికీ నచ్చింది, దేశమంతా పాకింది. తర్వాత పరిశోధకులు ఆ పిల్లల్ని, అలాంటి పిల్లల్లోనే జైలుకి తీసుకెళ్ళనివాళ్ళని పోల్చి చూస్తే, వెళ్ళొచ్చినవాళ్ళే తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. భయపెట్టాం కాబట్టి బాగుపడ్డారని అంతకాలం అందరూ నమ్మారు. మన దగ్గర గంజాయి కేసుల్లో కుర్రాళ్ళని రోడ్డు మీద నడిపించడం, గుండు గీయించడం లాంటి వీడియోలు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

శిక్షల విషయం కూడా అంతే. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక డాక్టరమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత, డిసెంబర్‌లో నిందితుల్ని కాల్చేసిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ జరిగింది, పోలీసుల మీద పూలు చల్లారు, తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు కావాలనే చేసినవని తేల్చింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 పనిదినాల్లో తీర్పు, మరణశిక్ష అంటూ దిశ బిల్లు పాస్ చేసింది, అది చట్టంగా అమల్లోకి రాలేదు. నేరం చేసేవాడిని ఆపేది శిక్ష ఎంత పెద్దది అనేదాని కంటే దొరికిపోతాను అన్న నమ్మకమే ఎక్కువ, ఇది నేరశాస్త్రంలో దశాబ్దాలుగా మళ్ళీ మళ్ళీ తేలిన విషయం. దొరకాలంటే ఫిర్యాదు వెంటనే తీసుకోవాలి, ఫోరెన్సిక్ రిపోర్ట్ టైంకి రావాలి, సాక్షి కోర్టుకి వచ్చేదాకా నిలబడాలి. డబ్బు అక్కడ పెట్టండి.

సీసీ కెమెరాల మీద కూడా ఇదే మాట. నేను సైతం అనే పేరుతో కాలనీల చేత చందాలు వేయించి పెట్టించారు, కేసు పట్టుకోవడానికి అవి ఉపయోగపడతాయి, అందులో అనుమానం లేదు. కానీ నేరం జరగకుండా ఆపడంలో వాటి ఫలితం అన్నిచోట్లా ఒకటి కాదు, విదేశాల్లో చేసిన పరిశీలనల్లో పార్కింగ్ స్థలాల్లో వాహన దొంగతనాలు బాగా తగ్గాయి, కొట్లాటలు దాడుల మీద మాత్రం పెద్ద ప్రభావం కనపడలేదు. మన ఊళ్ళలో ఎక్కడ పెడితే ఏం తగ్గిందో మన లెక్క మనకి కావాలి.

జైళ్ళ శాఖ వాళ్ళకి విడిగా ఒక మాట. చంచల్‌గూడ లాంటి చోట్ల ఖైదీల చేత పెట్రోల్ బంకులు నడిపిస్తున్నారు, అక్కడ పనిచేసేవాళ్ళ ముఖంలో కనిపించే ధీమా చూస్తే ఎవరికైనా సంతోషం వేస్తుంది. వాళ్ళు బయటికొచ్చాక మళ్ళీ జైలుకి తక్కువ వస్తున్నారా అని మీరు చూసే ఉంటారు, కానీ బంకులో పెట్టేదే మంచి నడవడిక ఉన్నవాళ్ళని కాబట్టి మిగతా ఖైదీలతో నేరుగా పోలిస్తే ఆ లెక్క తప్పుతుంది, బంకు పెట్టకపోయినా వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదేమో. అర్హత ఉన్నవాళ్ళు ఉద్యోగాల కంటే ఎక్కువమంది ఉన్నప్పుడు లాటరీ తియ్యండి, రెండు గుంపుల్నీ మూడేళ్ళు గమనించండి. పనిచేస్తోందని తేలితే ప్రతి జిల్లాలో పెట్టమని మేమే వచ్చి అడుగుతాం. 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు 76 శాతం ఇంకా విచారణలో ఉన్నవాళ్ళే, నేరం రుజువు కానివాళ్ళు. చిన్న కేసులో బెయిల్ డబ్బు లేక నెలల తరబడి లోపల ఉన్న కుర్రాడు బయటికొచ్చేటప్పటికి ఉన్న కూలి పని పోయి, లోపల కొత్త స్నేహాలు అయ్యి ఉంటాయి. ఆ నెలలు అతన్ని ఎటు నెడుతున్నాయో చూడటం కూడా నేర నివారణ పరిశోధనే.

నేను కోరేది పెద్దదేం కాదు. ఏ కొత్త కార్యక్రమం మొదలుపెట్టినా మొదటి ఏడాది కొన్ని స్టేషన్లలో పెట్టి, కొన్నిటిలో పెట్టకుండా చూడండి, ఏవి అన్నది లాటరీలో తియ్యండి. పేర్లు, అడ్రసులు తీసేసిన ఎఫ్ఐఆర్ డేటా, జైలు నుంచి విడుదలైనవాళ్ళు మళ్ళీ అరెస్టయిన వివరాలు రెండు రాష్ట్రాల యూనివర్సిటీల సోషియాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లకి ఒక ఒప్పందం మీద ఇవ్వండి, పిల్లలు పీహెచ్‌డీ టాపిక్ కోసం తిరుగుతున్నారు, కళ్ళ ముందే ఇంత పని ఉంది. పోలీస్ అకాడమీల్లో పరిశోధన విభాగానికి పంపడం అంటే లూప్ లైన్, అంటే పక్కన పడేసిన పోస్టు, అనే పేరు పోగొట్టండి, చురుకైన ఆఫీసర్లని వెయ్యండి, రెండేళ్ళు కదపకండి. ఫలితం మీకు నచ్చకపోయినా ప్రచురించండి, ముఖ్యంగా నచ్చనప్పుడు.

ఇంకోటి, ఇది మా జిల్లా కోసం అడుగుతున్నా. స్టేషన్ వారీగా ఇప్పుడు ఎన్ని రౌడీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు తెరిచి ఉన్నాయి, ఏ ఏడాది తెరిచారు, చివరి కేసు ఎప్పుడు, ఎన్ని మూసేశారు, షీట్ ఉన్నవాళ్ళలో ఎస్టీలు, విముక్త జాతులవాళ్ళు ఎంతమంది, ఈ అంకెలు మాత్రం పేర్లు లేకుండా బయటపెట్టండి. ఏళ్ళ తరబడి ఒక్క కేసు కూడా లేనివాళ్ళ షీట్లు ఎందుకు ఇంకా తెరిచి ఉన్నాయో ఒక కమిటీ వేసి చూడండి, అందులో స్టువర్టుపురంలో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళని కూడా కూర్చోబెట్టండి, టీచర్లున్నారు, రైల్వేలో ఉన్నారు, మీ డిపార్ట్‌మెంట్లోనే ఉన్నారు. ఆ డేటా ఇస్తే పట్టికలు వేసే పని నేను, మా ఫైనల్ ఇయర్ పిల్లలు రూపాయి తీసుకోకుండా చేసిపెడతాం.

ఇట్లు,
బాపట్ల జిల్లా నుంచి ఒక లెక్చరర్